నేను 'సరే' అన్న మూడుసార్లు

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన అన్నానికి ఇంటికొచ్చి ఫ్యాన్ వేశాడు. నేను ఆపాను. మళ్లీ వేశాడు. మళ్లీ ఆపాను.

"ఏందే నీ కత? ఈడ చెమటకు అంగీ తడిసిపోతాంటే!" అన్నాడు.

"నాకు చలేస్తాంది" అన్నాను.

ఆళ్లగడ్డలో అక్టోబరు నెల, నడిమధ్యాహ్నం ఎండ. అందులో నేను దుప్పటి కప్పుకుని కూర్చుని, ఫ్యాన్ ఎందుకు వేయకూడదో ఆయనకు నాలుగు కారణాలు చెప్పడం మొదలుపెట్టాను. నాలుగో కారణం దగ్గర పళ్లు టకటక కొట్టుకున్నాయి. మా ఆయన కంచం ముందు నుంచి లేచి, ఎడమచెయ్యి నా నుదుటి మీద పెట్టి చూసి, ఇంకేమీ అనలేదు. ఇరవై నాలుగేళ్ల సంసారంలో ఆయన ఎదురుమాట లేకుండా ఊరుకుంటే నాకు భయం వేసింది అదే మొదటిసారి.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ అనుభవంలో నాకు గుర్తున్నది కొంత, మా ఆయన చెప్పింది కొంత, మా ఆడబిడ్డ పద్మావతి చెప్పింది కొంత, ఫోన్లో ఫోటోలు చెప్పేది ఇంకొంత. ఇవేవీ ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. ఏది నిజమో తేల్చుకోవాలని ఏడాదిగా చూస్తున్నాను. ఇంకా తేలలేదు.

ఆ చలికి పదకొండు రోజుల ముందు ఒక ఆదివారం, మా వీధి ఆడవాళ్లం నలుగురం అహోబిలం వెళ్లాం. ప్రతి ఏడూ వానలు వెనకబట్టాక వెళ్తాం. మిగతా ముగ్గురూ నరసింహస్వామి కోసం వస్తారు. నేను కొండ కోసం వెళ్తాను. నేను బీఎస్సీ బాటనీ చదివాను. మా హార్డ్‌వేర్ షాపులో మేకులు, పెయింటు డబ్బాల మధ్య కూర్చుంటే ఆ చదువుకు పనేముంది? ఏడాదికి ఒక రోజు దాన్ని కొండకు తీసుకెళ్లి గాలి తగలనిస్తాను. ఈ సంగతి పద్మకు అస్సలు నచ్చదు. ఆమె నా కంటే రెండేళ్లు చిన్నది, నంద్యాలలో కాపురం, మాతో రాదు. "దేవుని కాడికి పోయి చెట్లు సూసొచ్చేదేంది వదినా?" అని ప్రతి ఏడూ అడుగుతుంది. "ఆ చెట్లు పెట్టిందెవరో ఆయన్నే అడుగుపో" అని ప్రతి ఏడూ చెప్తాను.

ఎగువ అహోబిలంలో బస్సు దిగి, తలా ఒక వెదురు కర్ర అద్దెకు తీసుకుని, ఎప్పుడూ వెళ్లని జ్వాలా నరసింహుని దారి ఆ ఏడు పట్టాం. భవనాశి ఏరు నిండుగా ఉంది. ఒక రాయి మీద నుంచి ఇంకో రాయి మీదికి కర్ర ఊనుకుంటూ దాటాం. రెండు పక్కలా కొండలు పొరలు పొరలుగా, ఎవరో ఇటుకలు పేర్చి మధ్యలో వదిలేసి వెళ్లినట్టు ఎర్రగా ఉంటాయి. ఆ ఇటుకల సందుల్లోంచి కూడా చెట్లు మొలిచాయి. గాలి వస్తే వెదురు పొదలు కిర్రుమంటాయి. పైన మబ్బు కొండ నడుముకు చుట్టుకుని ఉంది, దానివల్ల కొండ ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఇంతవరకు నాకు స్పష్టంగా గుర్తుంది.

దారి పక్కన ఒకామె గంపలో సీతాఫలాలు అమ్ముతోంది. కొన్నాం. మిగతా ముగ్గురూ రాతి మెట్ల మీద కూర్చున్నారు. మెట్టు తడిగా ఉందని నేను పక్కన గడ్డిలో కూర్చున్నాను. మోకాలెత్తు గడ్డి, మెత్తగా ఉంది. అక్కడే చెప్పులు విప్పి, వెనక్కి వాలి, పండు తిన్నాను. గింజలు ఎంత దూరం ఉమ్మగలమని పందెం కూడా వేసుకున్నాం. నేనే గెలిచాను. కాదని మిగతా ముగ్గురూ అంటారు.

ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. ఫోటోల్లో మాత్రం నేను ఉన్నాను. జ్వాలా నరసింహుని గుడి ముందు కొండ మీంచి నీళ్లు దుముకుతున్నాయి. వాటి కింద నేను నోరు తెరిచి నవ్వుతున్నాను. చీర తడిసి ముద్దయింది. అంత సంతోషం నా ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. ఆ నీళ్లు చల్లగా ఉన్నాయా, గట్టిగా తగిలాయా, ఎవరైనా తోశారా, నేనే వెళ్లానా? తెలియదు. జబ్బు నా దగ్గర నుంచి ఇంకేం తీసుకుపోయినా నేను ఊరుకునేదాన్నేమో, ఆ పది నిమిషాల మీద మాత్రం కోపం తగ్గలేదు.

చలి వచ్చిన మర్నాడు ఆళ్లగడ్డలోనే డాక్టరుకు చూపించుకున్నాం. రక్తపరీక్ష చేయించారు. "వైడాల్ పాజిటివ్ వచ్చిందమ్మా. టైఫాయిడ్" అన్నారు. పొద్దునొకటి, సాయంత్రమొకటి ఇంజెక్షన్. నాలుగు రోజులు వేశారు. జ్వరం తగ్గకపోగా ఇంకా ఎగబాకింది. కళ్ల వెనక ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు తలనొప్పి. ఐదో రోజు ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. డెంగీ పరీక్ష చేశారు, నెగెటివ్. "ఫీవర్ ఎందుకు తగ్గట్లేదో అర్థం కావడం లేదు, నంద్యాల తీసుకుపోండి" అన్నారు. డాక్టరు నోటి నుంచి అర్థం కావడం లేదన్న మాట వినడం నాకు కొత్త. అప్పటికి అది నాకు నిజాయితీగా అనిపించిందో, భయంగా అనిపించిందో కూడా గుర్తులేదు.

నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ చిన్న వయసు డాక్టరు ఒకాయన నా మంచం పక్కన నిలబడి ప్రశ్నలు అడిగాడు. ఇవి నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, ఎందుకంటే వీటికి నేను చెప్పిన జవాబులే నా ప్రాణం మీదికి తెచ్చాయి.

"ఈమధ్య ఎక్కడికైనా ట్రావెల్ చేశారా?"

"లేదు సార్."

"ఒంటి మీద ర్యాష్ గానీ, మచ్చలు గానీ ఏమైనా ఉన్నాయా?"

"లేవు సార్."

రెండూ అబద్ధాలే. కానీ నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ట్రావెల్ అంటే మాకు తిరుపతి, హైదరాబాదు, బెంగళూరు. బ్యాగు సర్దుకోవాలి, పక్కింట్లో తాళంచెవి ఇవ్వాలి, పాలమనిషికి రావద్దని చెప్పాలి. అహోబిలం ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. చుట్టాలొస్తే టిఫిన్ పెట్టి అహోబిలం పంపించి, మధ్యాహ్నానికి వంట చేసి పెట్టుకుంటాం. అది ట్రావెల్ ఎట్లా అవుతుంది? మా పెరడు అది.

ఇక మచ్చ. స్నానం చేసేటప్పుడు నడుము దగ్గర, లంగా బొందు పడే చోట ఒక నల్లటి మచ్చ కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు. రోజూ చీర కట్టే ఏ ఆడదానికి ఆ చోట మచ్చ ఉండదు? ఇన్నేళ్లుగా బొందు ఒరుసుకుని ఒరుసుకుని నడుము చుట్టూ నల్లటి గీత పడే ఉంటుంది. దాన్ని పట్టుకుని కొడుకులాంటి డాక్టరుకు, ఇదిగో నా నడుము చూడు నాయనా అని ఎవరు చెప్తారు? కొబ్బరినూనె రాసి ఊరుకున్నాను.

ఆ తర్వాతి రెండు రోజులు నా దగ్గర లేవు. ముక్కలున్నాయి. చెవుల్లో దూది కుక్కినట్టు మనుషుల మాటలు దూరంగా వినిపించేవి. మంచం చుట్టూ ఆకుపచ్చ కర్టెను ఉండేది. అది కదిలితే కొండ కదిలినట్టుండేది. సెలైన్ స్టాండు నా వెదురు కర్ర అనుకుని, అద్దె కర్ర తిరిగి ఇచ్చేయాలని పట్టుకుని లాగానట. ఇది మా ఆయన చెప్పాడు. పద్మ మాత్రం నేను లాగలేదని, ఊరికే పట్టుకుని పడుకున్నానని అంటుంది. నాకైతే ఏరు దాటుతున్నట్టే ఉండింది. అవతలి రాయి ఎప్పటికీ కాలికి అందేది కాదు.

మా ఇంట్లో వాళ్లకు నేను తిక్కగా మాట్లాడుతున్నట్టు అనిపించలేదు, అదే చిక్కు. నర్సు సూది వేయడానికొస్తే వద్దన్నానట. మాత్ర ఉమ్మేశానట. "మా ఆమె ఎప్పుడూ అంతే లే సిస్టర్, ఊరకే ఒప్పుకోదు" అని మా ఆయన అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. మనిషి బుద్ధి చెదిరిపోతుంటే అది మొండితనం అనుకున్నారు. ఇన్నేళ్లు సంపాదించుకున్న పేరు ఆసుపత్రిలో ఆ విధంగా ఉపయోగపడింది.

మూడో రోజు పద్మ క్యారియర్ తీసుకుని వచ్చింది. ఇక్కడి నుంచి ఆమె చెప్పిందే రాస్తున్నాను. ఆమె చెప్పినదాన్ని ఏ మార్పూ లేకుండా ఒప్పుకోవడం నా జీవితంలో ఇదే మొదలు.

ఆమె స్టూలు మీద కూర్చుని, ఎప్పటిలాగే మొదలుపెట్టిందట. "ఇంక ఈ కొండలు గిండలు చాలు వదినా. వయసైతాండాది, ఇంటి పట్టున ఉండు."

"సరే" అన్నానట.

పద్మ నా ముఖంలోకి చూసి, క్యారియర్ విప్పి, "పప్పులో తెల్లగడ్డ వేసినా. నువ్వు వద్దంటావు గానీ, తెల్లగడ్డ లేని పప్పు పప్పేనా?" అందట. పప్పులో వెల్లుల్లి నాకు పడదు.

"సరే" అన్నానట.

అప్పుడు ఆమెకు అనుమానం వచ్చిందట. చివరిసారి చూద్దామని, మా పెళ్లయిన నాటి నుంచి మా ఇద్దరి మధ్య నలుగుతున్న మాట ఒకటి తీసింది. "వదినా, మీ నాయన కంటే మా నాయనే మంచోడు గదా?"

"సరే" అన్నానట.

పద్మ పప్పు గిన్నె అట్లాగే వదిలేసి వరండాలోకి పరుగెత్తింది. "సిస్టర్! మా వదిన సరే అంటాంది! బిరీన రాండి!"

డ్యూటీ నర్సు నవ్విందట. "సరే అంటే మంచిదే కదమ్మా. ఇప్పటికైనా మాట వింటోంది."

"నీకు తెలీదులే తల్లీ. మా వదిన సరే అనే మనిషి కాదు. ఆమె లోపల లేదు. ఆడ పడుకోనుండేది ఇంకెవరో!"

గొడవ విని ఆ చిన్న డాక్టరు వచ్చాడు. ఆయన నవ్వలేదు. ఆ మేలు నేను మర్చిపోను. "నార్మల్‌గా ఈమె ఎట్లా ఉంటారమ్మా?" అని అడిగాడు.

"పొద్దు తూరుపున పొడుస్తాది సార్ అంటే, నువ్వు పోయి సూసినావా అంటాది."

డాక్టరు నా దగ్గరికొచ్చి పేరడిగాడు, చెప్పాను. ఊరడిగాడు, చెప్పాను. ఇది ఏ నెల అని అడిగితే సీతాఫలాలు అన్నానట. "ఆల్టర్డ్ సెన్సోరియం" అన్నాడు, అంటే తెలివి సరిగా లేదని. అప్పటికప్పుడు ఐసీయూకు మార్చి, సిటీ స్కాన్ అన్నారు, వెన్నులో సూది పెట్టి నీళ్లు తీయాలన్నారు. ఒళ్లంతా పరీక్ష చేయాలి, బట్టలు మార్చండి అని నర్సుతో, పద్మతో చెప్పి ఆయన కర్టెను బయట నిలబడ్డాడు.

బట్టలు మారుస్తుంటే పద్మకు ఆ మచ్చ కనిపించింది.

"ఇదేంది సిస్టర్?"

"బొందు మచ్చ అక్కా. నాకూ ఉంది."

మామూలుగా అయితే మాట అక్కడితో ఆగిపోవాలి. కానీ ఇక్కడ మా ఇంటి పాత తగాదా ఒకటి ఉంది. మా అత్తగారింట్లో ఆడవాళ్లందరూ బొందు ముడి ఎడమ పక్కన వేస్తారు. నేను కుడి పక్కన వేస్తాను. పెళ్లయిన కొత్తలో పద్మ నాకు చీర కట్టబోయి, "కుడి పక్క ముడేందీ, మీ ఊర్లో ఎవురూ నేర్పల్యా?" అంది. మా అమ్మను అన్నట్టయింది. ఆ మాట మీద మేం పది రోజులు మాట్లాడుకోలేదు. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా నేను చీర సర్దుకుంటే ఆమె కళ్లు ముందు నా కుడి నడుము మీదికే పోతాయి.

"బొందు మచ్చయితే ముడి కాడ కదా ఇంత నల్లగా ఉండాల? మా వదిన ముడి కుడి పక్కనేస్తాది" అంది పద్మ. "ఇది ఎడమ పక్కుండాది. డాక్టర్ని పిలువు."

డాక్టరు వచ్చి చూశాడు. సిగరెట్టుతో కాల్చితే పడే మచ్చలాగా, మధ్యలో నల్లటి పక్కు, చుట్టూ ఎర్రగా ఉందట. దాన్ని "ఎస్కార్" అన్నాడు. బయటికొచ్చి అడిగాడు, "ఈమె అడవికి గానీ వెళ్లారా?"

"యాడికీ పోల్యా సార్" అన్నాడు మా ఆయన.

"అహోబిలం పోయిందిగదన్నా!"

"అహోబిలం అడవా?"

"మరి ఊరా? ఆ కొండలు నల్లమల కావా?"

అన్నాచెల్లెళ్లు ఐసీయూ వాకిట్లో భూగోళ శాస్త్రం తేల్చుకుంటుండగా, డాక్టరు లోపలికి వెళ్లి డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెట్టేశాడు. ఇది స్క్రబ్ టైఫస్ అనే జ్వరమని, పరీక్ష పంపిస్తున్నామని, అది వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందని చెప్పాడట. మర్నాడు రిపోర్టు పాజిటివ్ వచ్చింది. రెండు రోజుల్లో జ్వరం దిగింది. అంతకుముందు వారం రోజులు ఎక్కించిన మందులు దానికి పనిచేసేవి కావట.

తెలివి వచ్చాక డాక్టరు నాకు చెప్పాడు. "మైట్ లార్వా అమ్మా, చిన్న పురుగు పిల్ల. గడ్డిలో, పొదల్లో ఉంటుంది. కంటికి కనపడదు. కుట్టినట్టు కూడా తెలీదు. పది పన్నెండు రోజులకు జ్వరం వస్తుంది. మీరేమో ట్రావెల్ చేయలేదన్నారు."

"అహోబిలం ట్రావెల్ కాదు సార్."

"మరేంటి?"

"మా కొండ."

"తప్పు నాదేలెండి. గడ్డిలో కూర్చున్నారా అని అడగాల్సింది" అన్నాడు. డాక్టరు తప్పు ఒప్పుకుంటే ఎదురు వాదించడానికి ఏముంటుంది? పక్కకు తిరిగి పడుకున్నాను. బాటనీ చదివినదాన్ని, ఆ గడ్డి ఏ జాతిదో చెప్పగలను. పురుగుల సంగతి జువాలజీ వాళ్లదని కాలేజీలోనే వదిలేశాను.

ఇంటికి వచ్చాక అంతా చక్కబడిందనుకున్నారు. నేనూ అనుకున్నాను. జుట్టు గుప్పెళ్లుగా ఊడింది, అది పోనీ. కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది, అదీ పోనీ. ఒక రోజు మా ఆయన హాల్లో టీవీ ఎక్కడ పెట్టాలో ఏదో అన్నాడు. నేను అందుకున్నాను. బాగానే వాదిస్తున్నాను. మధ్యలో ఆగిపోయాను. నేను కిటికీ పక్కన పెట్టాలంటున్నానా, వద్దంటున్నానా? నాకు తెలియలేదు. ఏ పక్షమో మర్చిపోయాను. మా ఆయన మెల్లగా, "నువ్వు వద్దంటాండావు" అని అందించాడు. ఆ అందించినందుకు నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను.

రెండోసారి చూపించుకోవడానికి పద్మతో వెళ్లినప్పుడు డాక్టరును అడిగాను. "సార్, నా బుద్ధి మళ్లీ మునుపటిలాగా వస్తుందా?"

"బ్రెయిన్‌కు వాపు వచ్చి తగ్గింది. టైం పడుతుంది. చాలామందికి పూర్తిగా వస్తుంది."

"చాలామంది అంటే ఎంతమంది?"

డాక్టరు పద్మ వైపు చూసి, "వస్తోంది" అన్నాడు.

ఇప్పుడు ఏడాది దాటింది. చెయ్యి వణుకు పోయింది. కుడి చెవి కొంచెం మందం, మా ఆయన మాటలకు అది చాలు. పేర్లు అప్పుడప్పుడూ జారిపోతాయి. అది జబ్బు వల్లో, యాభై దగ్గరపడుతున్నందువల్లో ఎవరూ చెప్పడం లేదు. రోజూ పొద్దున లేవగానే మంచం మీదే నెల, తేదీ, వారం చెప్పుకుంటాను. అవి మూడూ వస్తేనే కాళ్లు కింద పెడతాను.

పోయిన నెల మళ్లీ అహోబిలం వెళ్లాను. ఈసారి పద్మ వెంటపడి వచ్చింది. నిండుచేతుల జాకెట్టు, కాళ్లకు బూట్లు, సంచిలో ప్లాస్టిక్ పట్ట, పురుగులు కుట్టకుండా రాసుకునే క్రీము. పెళ్లికూతురిని తయారుచేసినట్టు చేసి తీసుకొచ్చింది. ఏరు దాటాం. మెట్లెక్కాం. జ్వాలా నరసింహుని దగ్గర నీళ్లు దుముకుతూనే ఉన్నాయి. ఫోన్లో ఆ పాత ఫోటో తెరిచి, ఎక్కడ నిలబడ్డానో చూసుకుని, సరిగ్గా అక్కడే నిలబడ్డాను. ఏదైనా గుర్తొస్తుందేమోనని కళ్లు మూసుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, గట్టిగా తగిలాయి. పాతది ఏమీ రాలేదు. ఇంతకుముందు నేను దీన్ని చూశానని ఫోటో అంటోంది. నేను ఒప్పుకోవడం లేదు. నా లెక్కన మొదటిసారి చూసింది ఇదే.

దిగేటప్పుడు పద్మ పట్ట పరిచి, "గడ్డిలో కాదు, దీని మీద కూర్చో వదినా" అంది. నిజంగానే కాళ్లు నొప్పిగా ఉన్నాయి. "సరే" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. చేతిలో ఉన్న సీతాఫలం కింద పెట్టి, "ఇది ఏ నెల?" అని అడిగింది.

"మీ నాయన కంటే మా నాయన మంచోడైన నెల" అన్నాను. అప్పుడు గానీ ఆమె కూర్చోలేదు.

ఇది చదివే వాళ్లకు నేను చెప్పేది ఒకటే. కొండకో, అడవికో, పొలానికో పోయొచ్చిన మూడు వారాల్లోపల జ్వరం వస్తే, అది మీ పెరడులాంటి చోటైనా సరే ఆ పేరు డాక్టరుకు చెప్పండి. ఆసుపత్రికి పోయేముందు ఇంట్లో తలుపేసుకుని, తల నుంచి పాదాల దాకా, బట్ట కప్పే ప్రతి చోటా, బొందు కింద కూడా, ఇంకొకరితో చూపించుకోండి. మీ ఒంటి సంగతి బాగా తెలిసిన మనిషైతే మంచిది. ఆ మనిషితో మాటల్లేకపోతే ఆ ఒక్క పూటకు పిలవండి. జ్వరం తగ్గాక మళ్లీ పోట్లాడుకోవచ్చు.